చాలు అనే హక్కు

న్యూయార్క్ రాష్ట్రం అనగానే మనకి మన్‌హాటన్ గుర్తొస్తుంది కానీ, ఆ రాష్ట్రానికి ఉత్తరాన మనుషులకంటే పాడిపశువులే ఎక్కువగా కనిపించే ప్రాంతం ఒకటి ఉంది. అక్కడ లోవిల్ అనే చిన్న ఊళ్ళో పీటర్ ఆస్ట్రమ్ అనే పశువుల డాక్టరు కొన్ని దశాబ్దాల పాటు ప్రాక్టీసు చేశాడు. ఆవులు, గుర్రాలు ఆయన పేషెంట్లు. అలాంటి ఊళ్ళో పశువైద్యుడంటే మోకాళ్ళలోతు మంచులో కొట్టాలకి వెళ్ళాలి, ఈనలేక అవస్థ పడుతున్న ఆవుకి అర్ధరాత్రి పురుడు పోయాలి. మనం సినిమాల్లో చూసే డాక్టర్ల జీవితం కాదది.

చిత్రమేమిటంటే ఈయన సినిమాలోంచే వచ్చాడు. 1971లో వచ్చిన 'విల్లీ వోంకా అండ్ ది చాకొలెట్ ఫ్యాక్టరీ' మీ పిల్లలు చూసే ఉంటారు. అందులో బంగారు టికెట్టు దొరికిన పేదింటి కుర్రాడు చార్లీ బకెట్ ఈయనే. క్లీవ్‌లాండ్‌లో పిల్లల నాటకాల్లో వేషాలు వేస్తుంటే సినిమావాళ్ళ కంట్లో పడ్డాడు. 1970లో జర్మనీలోని మ్యూనిక్‌లో షూటింగు. పన్నెండేళ్ళ పిల్లవాడు జీన్ వైల్డర్ లాంటి నటుడి పక్కన నిలబడి, ఎక్కడా తడబడకుండా చేశాడు. నిర్మాతలు ముచ్చటపడి మరో మూడు సినిమాలకి ఒప్పందం రాసుకుందామన్నారు. పీటర్ వద్దన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్ళింట్లో ఒక గుర్రాన్ని కొన్నారు. దాన్ని చూడ్డానికి వచ్చిన డాక్టరు తన పనిని అంత ఇష్టంగా చేసుకోవడం చూసి ఆ కుర్రాడికి తన దారి తెలిసింది. 1984లో కార్నెల్ యూనివర్సిటీ నుంచి పశువైద్యంలో పట్టా పుచ్చుకున్నాడు. మళ్ళీ ఏ సినిమాలోనూ నటించలేదు.

ఈ సంగతి నేనొకసారి శనివారం పాట్‌లక్ భోజనాల దగ్గర మనవాళ్ళకి చెప్పాను. పదిమందిలో ఎనిమిది మంది నోట మొదట వచ్చిన మాట "అయ్యో!" ఒక మిత్రుడైతే "అలాంటి ఛాన్సు మావాడికొస్తే మేం వదుల్తామా?" అన్నాడు. అందరం నవ్వాం కానీ, ఆ వాక్యం చాలా రోజులు నన్ను వదల్లేదు. ఛాన్సు వచ్చింది వాడికట, వదలనిది మాత్రం వీళ్ళట! మధ్యలో ఎక్కడో కర్త మారిపోయాడు. ఆ మారిపోవడం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ప్రశ్న ఇదీ: తనకి ఊహ తెలియని వయసులో ఇతరులు కనిపెట్టి, ఇతరులు మొదలుపెట్టించిన ప్రతిభకి మనిషి ఎన్నాళ్ళు కట్టుబడి ఉండాలి? "బాగా చెయ్యగలను, అయినా చాలు" అనే హక్కు అతనికి ఉందా?

ముందు ఎదుటి పక్షం వాదన వినాలి. అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మన దగ్గర విద్యని సొంత ఆస్తి అనుకోరు. పూర్వజన్మ సుకృతం అంటారు, సరస్వతీ కటాక్షం అంటారు. మాటలు ఏవైనా, అర్థం ఒక్కటే. అది మనకి ఇచ్చింది, మనది కాదు, కాబట్టి పారేసే అధికారం మనకి లేదు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడలో మాండొలిన్ మీద మొదటి కచేరీ చేశాడు. 2014లో నలభై అయిదేళ్ళకే పోయేదాకా ఆ వాయిద్యాన్ని వదలలేదు. మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమేమిటని పెదవి విరిచినవాళ్ళ చేతే తల ఊపించాడు. ఆయన పన్నెండేళ్ళప్పుడు "నాకు చాలు, నేను స్కూలుకెళ్ళి లెక్కలు నేర్చుకుంటాను" అని ఉంటే? మనకెంత నష్టం! ఆ నష్టాన్ని తల్చుకుంటే నాకూ గుండె కలుక్కుమంటుంది.

కానీ ఈ లెక్కలో ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా ఇరవయ్యేళ్ళుగా నేను చేసేది ఇలాంటి చిక్కులు వెతకడమే కాబట్టి చెప్తున్నాను. వదిలేస్తే పోయేదాన్ని మనం లెక్కపెడతాం, వదలకపోతే పోయేదాన్ని లెక్కలోకే తీసుకోం. పీటర్ ఆస్ట్రమ్ నటుడిగా మిగిలి ఉంటే మనకి దక్కే సినిమాలు ఊహకి అందుతాయి. కానీ ఆయన డాక్టరు కాకపోతే లోవిల్ రైతుల కొట్టాల్లో ఏం జరిగేదో మన ఊహకి కూడా రాదు. ఈనిన ఆవు బతికిందని ఎవరూ టికెట్టు కొని చూడరు కదా.

అంతటితో ఆగితే నేను కూడా మోసం చేసినట్టే. ఎందుకంటే, "సినిమా వదిలేసినా మంచి డాక్టరయ్యాడు కాబట్టి ఫరవాలేదు" అని చెప్పడం చాలా సుఖమైన జవాబు. అమెరికాలో ఇలాంటి జాబితాలు తరచూ చూస్తుంటాం. షర్లీ టెంపుల్ ఇరవై రెండేళ్ళకే 1950లో సినిమాలకి స్వస్తి చెప్పి, తర్వాత ఘనాకి, చెకొస్లొవేకియాకి అమెరికా రాయబారిగా వెళ్ళింది. 'హుక్' (1991)లో నటించిన చార్లీ కోర్స్‌మో ఎమ్‌ఐటీలో ఫిజిక్స్, యేల్‌లో లా చదివి లా ప్రొఫెసరయ్యాడు. 'గూనీస్' (1985)లో బొద్దుగా, ముద్దుగా ఉండే చంక్ వేషం వేసిన జెఫ్ కొహెన్ లాయరయ్యాడు. వినడానికి ఎంత బావుందో చూశారా? డాక్టరు, లాయరు, ప్రొఫెసరు, రాయబారి. ఒక్క ఇంజనీరు తగ్గాడు గానీ, మన పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఇంతకంటే మంచి జాబితా తేలేరు.

అసలు పరీక్ష వేరే. ఆస్ట్రమ్ ఆ మూడు సినిమాలూ కాదనుకుని, ఓ గ్యాస్ స్టేషన్లో పనిచేస్తూ, సాయంత్రం పూట చేపలు పట్టుకుంటూ బతికి ఉంటే, అప్పుడు కూడా అతని నిర్ణయం సరైనదే అనగలమా? అనగలిగితేనే మనం హక్కుని ఒప్పుకున్నట్టు. లేకపోతే మనం ఒప్పుకున్నది హోదాని మాత్రమే. ఒక మెట్టు దిగినా ఇంకో మెట్టు ఎక్కాడు కాబట్టి క్షమించాం, అంతే. నా మటుకు నేను, అనగలను అనుకుంటున్నాను. కారణం చెప్పాలంటే కొంచెం డబ్బు సంగతి మాట్లాడుకోవాలి.

చార్లీ చాప్లిన్ 'ది కిడ్' (1921)లో చినిగిన చొక్కా, పెద్ద టోపీతో కనిపించే పిల్లాడు జాకీ కూగన్. ఆ రోజుల్లోనే వాడి సంపాదన ముప్ఫై, నలభై లక్షల డాలర్లని అంచనా. 1935లో కారు ప్రమాదంలో తండ్రి పోయాడు. జాకీ మేజరయ్యాక తన డబ్బు తనకివ్వమని అడిగితే తల్లి, మారుతండ్రి ఇవ్వలేదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనరు సంపాదన తల్లిదండ్రులదే. 1938లో కోర్టుకెక్కితే చివరికి చేతికొచ్చింది లక్షా ఇరవై ఆరు వేలు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల చట్టం వచ్చింది. అందరూ దాన్ని కూగన్ చట్టం అనే అంటారు. అందులో చాలా కన్నాలుండేవి. వాటిని పూడ్చి, 2000 జనవరి నుంచి పిల్లల సంపాదన పిల్లల సొంత ఆస్తి అనీ, అందులో 15 శాతం మేజరయ్యేదాకా ఎవరూ ముట్టుకోకుండా విడిగా దాచాలనీ తేల్చారు. మన దేశంలోనూ 2017 నుంచి నిబంధనలున్నాయి. బాలనటుల చేత రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లవాడి పేర జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. తల్లిదండ్రులు తీసే ఇంటర్నెట్ వీడియోల్లో కనిపించే పిల్లలకి కూడా వాటా దాచాలని ఇల్లినాయ్‌లో చట్టం 2024 జూలైలో అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియా కూడా అదే ఏడాది అలాంటి చట్టం చేసింది.

ఇంత కథ ఎందుకంటే, "పిల్లవాడు సంపాదించింది ఎవరిది?" అనే ప్రశ్నకి చట్టం జవాబు చెప్పడానికి అరవయ్యేళ్ళు పట్టింది. జవాబు మాత్రం స్పష్టంగా ఉంది: పిల్లవాడిదే. మరి డబ్బు వాడిదైనప్పుడు, ఆ డబ్బు తెచ్చిన సామర్థ్యం ఎవరిది? దాన్ని వాడాలా, పక్కన పెట్టాలా అన్నది తేల్చుకోవలసింది ఎవరు? బ్యాంకులో ఉన్న సొమ్ము వాడిది, ఒంట్లో ఉన్న విద్య మాత్రం మనది అంటే ఎక్కడి న్యాయం? "ఇచ్చింది దేవుడు" అంటారా, సరే. దేవుడు ఇచ్చింది ఆ పిల్లకి, ఆ పిల్లాడికి. వాళ్ళమ్మకీ నాన్నకీ, మొదటి వరసలో కూచుని చప్పట్లు కొట్టే మనకీ కాదు.

శ్రీనివాస్ విషయంలో కూడా నాకు తోచిన సమాధానం ఇదే. తొమ్మిదేళ్ళప్పుడు మాండొలిన్ పట్టించింది పెద్దవాళ్ళు కావచ్చు. కానీ ఇరవయ్యేళ్ళప్పుడు, ముప్ఫయ్యేళ్ళప్పుడు దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నది ఆయనే. వదలడానికి వీలున్నప్పుడే వదలకపోవడానికి విలువ. ఆ వీలు లేకుండా చేసి "చూశారా, ఎంత నిష్ఠో!" అని మురిసిపోవడంలో అర్థం లేదు.

అయితే వదలడం అన్ని వేళలా ఒక్కటి కాదు. బాబీ డ్రిస్కాల్ పేరు మనలో ఎంతమందికి తెలుసో గానీ, డిస్నీ వాళ్ళ 'పీటర్ పాన్' (1953)లో పీటర్ గొంతు అతనిదే. 1950లో బాలనటుడిగా ప్రత్యేక ఆస్కార్ అందుకున్నాడు. పెద్దవాడవుతున్నకొద్దీ అవకాశాలు ఆగిపోయాయి, మత్తుమందులు పట్టుకున్నాయి. 1968 మార్చిలో న్యూయార్క్‌లో పాడుబడ్డ భవనంలో శవమై దొరికాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. అది ఎవరి శవమో తెలియక అనాథలని పూడ్చే హార్ట్ ఐలండ్‌లో పూడ్చారు. ఎవరో ఇంట్లోవాళ్ళకి తెలిసేసరికి ఏడాదికి పైనే గడిచింది.

ఇతను సినిమా వదల్లేదు, సినిమాయే ఇతన్ని వదిలేసింది. ఆస్ట్రమ్ ముందు ఒప్పందం కాగితం ఉండగా వద్దన్నాడు. డ్రిస్కాల్‌ని తలుపు అవతలకి నెట్టి గడియ పెట్టారు. బయట నుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ "ఒకప్పటి బాలనటుడు" అనే ఒక్క మాటలో ఇమిడిపోతారు. ఆ ఇద్దరికీ తేడా ఎక్కడొచ్చింది? అంతా ధైర్యం వల్లేనని నేననుకోను. ఆస్ట్రమ్ వెనక్కి తిరిగి చూస్తే అతనికి ఒక ఇల్లుంది, స్కూలుంది, సినిమాతో సంబంధం లేని స్నేహితులున్నారు, ఆ తర్వాత ఒక గుర్రం కూడా వచ్చింది. అంటే నటుడు కాని పీటర్ ఒకడు అప్పటికే ఉన్నాడు. ఆ రెండోవాడు ఉన్నాడు కాబట్టే మొదటివాడు "చాలు" అనగలిగాడు. పిల్లవాణ్ణి ఒకే విద్యతో నింపేసి, తర్వాత "నీ ఇష్టం, మానేస్తే మానెయ్" అంటే అది స్వేచ్ఛ కాదు. ఈత రానివాణ్ణి నడి ఏట్లో దింపి పడవ నీ ఇష్టం అన్నట్టు ఉంటుంది.

ఈ మాట రాస్తుంటే 'స్వాతికిరణం' (1992) గుర్తొస్తోంది. విశ్వనాథ్ గారు తీసిన సినిమాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. మమ్ముట్టి వేసిన అనంతరామశర్మ అసూయ గురించి అందరూ మాట్లాడతారు. ఆ పిల్లవాడు గంగాధరం గురించి తక్కువ మాట్లాడతారు. గురువుగారికి తన పాట అడ్డమైందని అర్థమయ్యాక వాడికి రెండే దార్లు కనిపించాయి: పాడుతూ బతకడం, లేదా బతక్కపోవడం. పాడకుండా బతకడం అనే మూడో దారి ఆ పసివాడి ఊహలోనే లేదు. వాడి ప్రాణాన్నీ పాటనీ విడదీసి చూసినవాళ్ళు ఆ కథలో ఎక్కువమంది లేరు.

ఆ గంగాధరం వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ మాత్రం ఆ మూడో దారిలోనే నడిచాడు. దూరదర్శన్ 'మాల్గుడి డేస్'లో స్వామిగా దేశమంతా ఎరిగిన కుర్రాడు, పందొమ్మిదేళ్ళకి నటన మానేసి చదువుకున్నాడు. తర్వాత బెంగుళూరులో ప్రజాసంబంధాల రంగంలో స్థిరపడ్డాడు. తెరమీద చచ్చిపోయిన గంగాధరం కోసం మనం ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటాం. బయట హాయిగా బతుకుతున్న మంజునాథ్ గురించి చెప్తే "అయ్యో, మానేశాడా?" అంటాం. మన అయ్యోలకి కూడా కాస్త పద్ధతి ఉండాలి కదండీ!

ఇదంతా సినిమా పిల్లల గొడవ, మనకెందుకు అనుకుంటారేమో. అమెరికాలో మన ఇళ్ళల్లో సినిమా లేదు గానీ, స్టేజీ లేని ఇల్లు లేదు. కూచిపూడి, కర్ణాటక సంగీతం, స్పెల్లింగ్ బీ, చదరంగం, మ్యాథ్ పోటీలు. శని ఆదివారాల్లో మన మినీవ్యాన్లు తిరిగే మైళ్ళు లెక్కేస్తే చంద్రుడి దాకా వెళ్ళి రావచ్చు. ఇందులో తప్పేమీ లేదు. పిల్లలకి రుచి చూపించడం మన పనే. రుచి చూపించకుండా ఇష్టం ఎలా తెలుస్తుంది?

మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు వయొలిన్ మొదలుపెట్టింది. చెయ్యి బావుందని గురువుగారే అన్నారు. పదమూడో ఏట ఒక రోజు "నాన్నా, నాకు వయొలిన్ ఇంక వద్దు" అంది. కాకినాడ నుంచి మా అమ్మ ఫోన్లో "అదేమిట్రా, ఏడేళ్ళు నేర్చుకుని ఇప్పుడు మానేస్తానంటే నువ్వు ఊరుకుంటావా?" అంది. నేను మా అమ్మాయికి ఒకటే చెప్పాను: "అలసటా, నిర్ణయమా అన్నది నీకే తెలియాలి. వచ్చే వేసవి దాకా ఆగు. ఒప్పుకున్న కచేరీ పూర్తి చెయ్యి. అప్పటికీ వద్దనిపిస్తే గురువుగారి దగ్గరికి నువ్వే వెళ్ళి, నువ్వే చెప్పు." వేసవి వచ్చింది. ఆ పిల్ల కచేరీ చేసింది, వెళ్ళి చెప్పింది, దణ్ణం పెట్టి వచ్చింది. గురువుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. నాకూ బాధేసింది. ఇప్పటికీ మోహనం వినబడితే మనసు ఒకసారి ఆ పెట్టె మీదికి పోతుంది. కానీ నా బాధ నాది. దాన్ని తీర్చడం ఆ పిల్ల ఉద్యోగం కాదు.

ఇక్కడే వదిలేవాళ్ళ బాధ్యత కూడా చెప్పుకోవాలి. హక్కు ఉంది కదా అని నడి షూటింగులో లేచిపోవడం హక్కు కాదు. చేతిలో ఉన్న పని ముగించాలి. నేర్పినవాళ్ళకి ముఖాముఖి కృతజ్ఞత చెప్పాలి. వదిలేశాం కాబట్టి అదొక పనికిమాలిన పని అని తర్వాత ఈసడించకూడదు. ఆస్ట్రమ్ చాలా ఏళ్ళు తన సినిమా సంగతి ఎత్తేవాడు కాదు గానీ, తర్వాత తర్వాత ఊళ్ళో బడి పిల్లలకి వెళ్ళి ఆ కబుర్లు చెప్పేవాడు. ఆ సినిమా తాలూకు రాయల్టీ మూడు నెలలకోసారి పది డాలర్లు కూడా దాటేది కాదని ఆయనే చెప్పుకున్నాడు. అందులో పశ్చాత్తాపమూ లేదు, ద్వేషమూ లేదు.

వదిలిన తలుపు ఎప్పటికీ మూసుకుపోతుందనీ లేదు. 'గూనీస్'లోనే ఇంకో పిల్లాడు కే హుయ్ క్వాన్. పెద్దయ్యాక వేషాలు రాక నటన మానుకుని ఏళ్ళ తరబడి కెమెరా వెనక పనులు చేశాడు. మధ్యవయసులో తిరిగొచ్చి 2023లో ఆస్కార్ అందుకున్నాడు. ఆ సినిమాకి అతని ఒప్పందం మాట్లాడిపెట్టిన లాయరు ఎవరో తెలుసా? అప్పటి బొద్దు చంక్, జెఫ్ కొహెన్. ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు వెళ్ళి తిరిగొచ్చాడు. వెళ్ళినవాడు తిరిగొచ్చినవాడికి సాయపడ్డాడు. ఇందులో ఎవరు ప్రతిభని వృథా చేసినట్టు?

ఇంకొక్క మాట. ఈ సంకలనంలో రాసేవాళ్ళం, దీన్ని అమెరికాలో కూచుని చదివేవాళ్ళం అందరం ఏదో ఒకటి వదిలే వచ్చాం. మా నాన్న ముప్ఫయ్యేళ్ళు తెలుగు మాస్టారు. పద్యం రాగయుక్తంగా చదివితే వీధిలో పోయేవాళ్ళు ఆగేవారు. ఆ గొంతు నాకూ కొంత వచ్చిందని ఆయనకి ఆశ. నేను కంప్యూటర్ సైన్స్ అన్న రోజున ఆయన ఒక్క క్షణం ఊరుకుని, "నీకు ఇష్టమేనా?" అని అడిగారు. అవునన్నాను. అంతే, మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. అప్పుడు నాకది మామూలు ప్రశ్నలాగే వినిపించింది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆయన ఏం దిగమింగుకున్నారో, మా అమ్మాయి వయొలిన్ పెట్టె మూసిన రోజున గానీ నాకు తెలియలేదు. అలాంటి అనుమతి పుచ్చుకుని సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి అదే అనుమతి ఇవ్వడానికి చెయ్యి రాదంటే ఎలా?

కాలిఫోర్నియా చట్టం పిల్లల డబ్బులో 15 శాతం విడిగా దాచమంది. కాలం గురించి, ఇష్టం గురించి అలాంటి చట్టం ఎవరూ చెయ్యలేరు. అది ఇంట్లోవాళ్ళే చెయ్యాలి. పెద్ద కష్టమేమీ కాదు. ఏడాదికొకసారి, ఫీజు చెక్కు రాసేముందు, పక్కన కూచోబెట్టుకుని "ఇంకా ఇష్టమేనా?" అని అడగండి. అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగండి.